నల్లదాని పాలు

చిరంజీవి చిన్నోడికి అమ్మ దీవించి రాయించేది. ఇక్కడ మనుషులం క్షేమమే. పందిపిల్లలు క్షేమంగా లేవు కాబట్టే ఈ ఉత్తరం.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. నా మోకాలు నా మాట వినడం మానేసింది, అచ్చం నీలాగే. పాక మీద రేకు మార్పించాను. నల్లది మేత బాగానే తింటోంది. ఇక చివరి ప్రశ్న, "అది దొడ్డి సరిగ్గా కడుగుతోందా" అని. అది అంటే నీ పెళ్ళాం. దానికి జవాబు పొడుగు, కూర్చుని చదువు.

మన పంది నల్లదానికి ఈ ఈతలో కూడా పిల్లలు పుట్టిన మర్నాటి నుంచే నీళ్ళలా పారుకున్నాయి. కోడలు గోనెసంచీ పరుచుకుని వాటి పక్కనే పడుకుంది. ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టింది. రెండే దక్కాయి. పోయినవాటిని పాతిపెట్టి, సున్నం చల్లి, తోలు ఊడేదాకా చేతులు కడుక్కుంది. ఇదంతా నా కళ్ళముందే జరిగింది.

నీ ఉత్తరం అందాక పశువుల డాక్టరమ్మను పిలిపించాను. నా మాట నీ తలకెక్కదు, చదువుకున్నవాళ్ళ మాటైనా ఎక్కుతుందేమోనని. ఆమె బతికిన పిల్లల విరేచనం సీసాలో పట్టి, నల్లదానివీ, నువ్వు వీపు పొడుగు చూసి ముచ్చటపడి కొన్న మగపంది దొరవీ వెంట్రుకలు పీకి పరీక్షకు పంపింది. జవాబు వచ్చాక మళ్ళీ వచ్చి, అరుగు మీద కూర్చుని చెప్పింది.

"అవ్వా, ఈ క్రిమి ఏ దొడ్డిలోనైనా ఉంటుంది. కడిగితే తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. అది పేగుకి అతుక్కుంటేనే రోగం. నల్లదాని పేగుకి అతుక్కోదు, జారిపోతుంది. దొర పేగుకి అతుక్కుంటుంది. ఆ గుణం జన్యువుల్లో వస్తుంది. ఈ పిల్లలకి తండ్రి పోలికే వచ్చింది."

"మరి తల్లి పాలు కాపాడవా?" అన్నాను.

"ఆ క్రిమి నల్లదాన్నెప్పుడూ పట్టలేదు కదా. దాంతో పోరాడని తల్లి పాలల్లో దానికి విరుగుడు ఎక్కడ్నుంచి వస్తుంది?"

పాత మగపందికి పుట్టినవన్నీ ఎందుకు బతికాయో అప్పుడు తెలిసింది. అదీ నల్లదాని రకమే అయ్యుంటుందట. దొర తప్పు లేదు, పుట్టుక ఎవరి చేతిలో ఉంది. తెలియక కొన్నావు, నీదీ తప్పనను. కానీ నింద మాత్రం నువ్వే వేశావు.

"మా కోడలి చేతిలో దోషమేమైనా ఉందా?" అని తెగేసి అడిగాను.

"ఈవిడ లేకపోతే ఆ రెండూ కూడా దక్కేవి కావు" అంది డాక్టరమ్మ.

గడప దగ్గర నిలబడ్డ కోడలు ముందుకొచ్చింది. "ఆ ముక్క కాగితం మీద రాసిస్తారా, డాక్టరుగారూ?" అని అడిగింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఒకటుంది. నీ ఉత్తరాలు ఇంకా మన వీధి టైలరే చదివి పెడుతున్నాడనుకుంటున్నావు. అతనికి చూపు తగ్గి ఎప్పుడో మానేశాడు. అప్పట్నుంచీ చదివేదీ నీ పెళ్ళామే, నా జవాబులు రాసేదీ నీ పెళ్ళామే. ఆమెకంటూ నువ్వు ఒక్క ఉత్తరం రాసుంటే, ఆమె తిరిగి రాసుంటే, ఈ చేతిరాత గుర్తుపట్టేవాడివి.

"ఆ దరిద్రాన్ని పుట్టింటికి తోలెయ్యి" అన్న మాటా ఆమే చదివింది. నేను ఆపమన్నాను. "ఇంకా రెండు వాక్యాలున్నాయత్తా" అని పూర్తిచేసింది. ఆ రెండూ నా మోకాలికి ఏ నూనె రాయాలో.

చదివి, మడతపెట్టి, నూనె వేడిచేసి తెచ్చి రాసింది.

నల్లది మళ్ళీ చూలుతో ఉంది, దొరకే. పాలల్లో విరుగుడు రావడానికి డాక్టరమ్మ దానికి సూది వేసింది. కోడలు పెట్టె సర్దుకుంది. నల్లది ఈని, పిల్లలు నిలదొక్కుకునేదాకా ఉంటానంది. ఆ తర్వాత ఆమెను ఆపే మాట నా దగ్గర లేదు. నీ దగ్గరుంటే ఈలోగా ఆమె పేరున రాయి. నాకు రాస్తే మళ్ళీ ఆమే చదవాలి.

తన గురించిన ఈ నాలుగు ముక్కలూ రాయనని కలం కింద పెట్టేసింది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమని తిట్టి రాయించాను.

ఇట్లు,
మీ ఇద్దరికీ అమ్మ
(వేలిముద్ర)