లంద నీళ్ల రంగు

సెప్టెంబర్ 9, 2023. సస్కటూన్, కెనడా

రూమ్ దొరికింది. వాట్సాప్ గ్రూప్‌లో ఒక్కో బెడ్‌కి నలభై మంది కొట్టుకుంటున్న టైమ్‌లో నాకు కిటికీ ఉన్న బేస్‌మెంట్. ఓనర్లు రామమోహనరావు అంకుల్, శాంత ఆంటీ. అంకుల్ రిటైర్డ్ ప్రొఫెసర్. ఆంటీ మొదటి పది నిమిషాల్లో మూడుసార్లు నా ఇంటిపేరు అడిగింది. మూడుసార్లూ నేను హీటర్ ఎలా ఆన్ చేయాలో అడిగా.

సెప్టెంబర్ 27

థీసిస్‌కి మార్సీ ఎల్డర్‌కిన్ ఖాయం. 1871లో పోయిన అమెరికన్ కవయిత్రి. ఆమె గురించి రాసినవాళ్లే ముగ్గురో నలుగురో. మొదటి చాప్టర్ కుటుంబ నేపథ్యం. ఆమె పోయాక మేనల్లుడు వేసిన ఆమె పద్యాల పుస్తకంలో మార్సీ నాన్న వ్యాపారి అని ఉంది. ఏం వ్యాపారమో లేదు. ఇలాంటి ఖాళీలు నాకు బాగా తెలుసు.

అక్టోబర్ 15

పైన దసరా పూజ. కుంకుమార్చన చేయిస్తూ ఆంటీ నా గోత్రం అడిగింది. అందరూ నావైపే చూస్తున్నారు. కాశ్యప అనేశా. గోత్రం తెలియనివాళ్లకి పంతుళ్లు అంటగట్టేది అదేగా. ఆంటీ మొహం విప్పారింది. పులిహోర రెండుసార్లు వడ్డించింది. తిన్నా. పిరికిదాన్ని.

నవంబర్ 2, మధ్యాహ్నం

1850 సెన్సస్ స్కాన్ దొరికింది. మార్సీ నాన్న పేరు పక్కన గుండ్రటి చేతిరాతలో టానర్ అని ఉంది. తోళ్లు పదును చేసేవాడు.

లైబ్రరీలో లేచి నిలబడిపోయా. ఆమె పద్యంలో ఈస్టర్ పండక్కి కూడా రంగు వదలని గోధుమ చేతులున్నాయి. రాసినవాళ్లందరూ అది శరదృతువు అన్నారు. రాలే ఆకులట. కాదు బాబూ. అది లంద నీళ్లు. గుంటలో చెట్టు చెక్క నానబెట్టి, తోళ్లు ముంచి, నెలల తరబడి తిప్పితే చేతులకి పట్టే రంగు. వాళ్లది ఓక్ చెక్క, మాది తంగేడు చెక్క. మా తాత రాఘవయ్య గోళ్లకి ఆయన పోయేదాకా ఆ రంగే. వాసన కూడా నాకు తెలుసు. ఆ ప్రొఫెసర్లకి తెలియంది నాకు తెలుసు. ఎలా తెలుసో రాయకపోతే, తాత పని దాచేసిన ఆ మేనల్లుడికీ నాకూ తేడా ఏంటి?

నవంబర్ 14

తాత సంగతితో సహా రాసేశా. రేపు కొట్టేస్తానేమోనని ఇవాళే సూపర్‌వైజర్‌కి మెయిల్ చేసేశా.

నవంబర్ 17

ప్రెజెంటేషన్. ముందు వరుసలో అంకుల్, ఆంటీ. మన పిల్ల మాట్లాడుతోందని ఫ్లాస్క్‌లో కాఫీ కూడా తెచ్చారు. అయినా చెప్పా. లంద గురించి, తాత గురించి. మేం మాదిగలం అని, ఆ మాట ఇంగ్లీషులోకి మార్చకుండా. సూపర్‌వైజర్ గబగబా రాసుకుంది. ఆంటీ తెచ్చిన ఫ్లాస్క్ మాత్రం మూత తెరుచుకోకుండానే ఇంటికి వెళ్లిపోయింది.

నవంబర్ 19

ఆంటీ చెల్లెలి కూతురు వస్తోందట. నెలాఖరుకి రూమ్ ఖాళీ చేయాలట. అమ్మవారి ముందు అబద్ధం ఆడానని కూడా అంది. అది నిజమే. గోత్రం విషయంలో అబద్ధం చెప్పినందుకు సారీ చెప్పా. దానికొక్కదానికే. అంకుల్ తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డారు.

ఎందుకు ఖాళీ చేయమంటున్నారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మన్నా. అసలు కారణం రాయమన్నా.

డిసెంబర్ 3

కాగితం రాలేదు. నేనిక్కడే ఉన్నా. బేస్‌మెంట్ తలుపు మీద నా పేరు అంటించా. దాని కింద తాత పేరు. దాని కింద ఆయన చేసిన పని, పెద్ద అక్షరాలతో.