తెరచాప మీద పడ్డ చెల్లెలు

కొచ్చి, ఆదివారం

అమ్మా, వందనాలు. ఇద్దరం క్షేమమే, నాకు ఒళ్ళు మండుతోంది తప్ప. ఫోన్ చేస్తే స్తుతి పక్కనే ఉండి వింటుందని కార్డు రాస్తున్నాను.

మేం తెరచాపలు కుట్టే షెడ్డుకు నళిని మేడం వస్తుందని చెప్పానుగా. ఆమెకు తెరచాప పడవే ఇల్లు, వంటా పడకా అందులోనే. లక్షద్వీప్ దాకా తోడుగా ఒక పిల్ల కావాలని మా ఇద్దరినీ పడవెక్కించి చూసింది. ఏడాదిగా పుస్తకం చూసి పడవ తాళ్ళ ముడులన్నీ నేర్చుకున్నదాన్ని నేను. స్తుతికి ఒక్క ముడీ రాదు. దించుతున్న తెరచాప గాలికి చెయ్యి జారి లేచింది. ఏ ముడి వెయ్యాలా అని నేను ఆలోచిస్తుంటే ఇది, "చూస్తావేంటే అక్కా, పట్టా మీద పడు!" అని అరిచి, వానొస్తే మిరప కల్లంలో కాయల మీద కప్పిన పట్టా ఎగరకుండా దాని మీద పడ్డట్టే బోర్లా పడి అణిచేసింది. మేడం నవ్వి, "ఈ పిల్ల చాలు" అంది. అలా పడటం దానికి నేర్పిందెవరమ్మా? నేను కాదూ?

కల్లంలో కాయలు ఆరాయా? పట్టా చిరిగిందన్నావుగా, కొత్తది కొనకు. ఇక్కడి గుడ్డ ముక్కలు అతికి కుట్టి పంపుతాను. గోంగూర పచ్చడి పంపు, కారం తగ్గించకు.

అమ్మ ఒప్పుకుంటేనే తీసుకెళ్తానని మేడం వచ్చే ఆదివారం నీకు ఫోన్ చేస్తుంది. నీచేత వద్దనిపిద్దామనే ఈ కార్డు కొన్నాను. కానీ ఆ పడవ తెరచాప నేను కుట్టిందే. రెండేసి కుట్లు వేశాను, చిరగదు. సరే అను. నేను చెప్పానని మాత్రం దానికి చెప్పకు.

ప్రేమదాసు బాబాయికి వందనాలు.

నీ పెద్దది,
సువార్త