ఫ్రీజర్ కిరాయి

మార్చి 3
బోణీ అయింది. రఘునాథపల్లి అవతలి తండా. శవాల ఫ్రీజర్‌కు రోజు కిరాయి మూడు వేలు. ట్రాలీ ఆటోకు ఎనిమిది వందలు పోగా మిగిలింది రెండు వేల రెండు వందలు. బోణీ డబ్బు కదా, కళ్లకు అద్దుకోబోయి ఆగిపోయాను. పోయింది ముప్పై నిండని మనిషి. ఆమె భర్త ఎదురుగానే ఉన్నాడు.

మార్చి 11
రెండో కిరాయి. పెట్టె ఆటోలోకి ఎక్కించుకుని, అలవాటులో "వస్త అన్నా" అనేశాను. చావింట్లో ఆ మాట ఎవరైనా అంటారా? అందరూ నా ముఖమే చూశారు... థూ.

మార్చి 31
నెల లెక్క. కిరాయిలు రెండే. ఫ్రీజర్ కొనడానికి నా భార్య స్వరూప పేరు మీద మహిళా సంఘంలో తెచ్చిన అప్పుకు కిస్తీ కడితే చేతికి ఏమీ మిగల్లేదు. "ఈ నెల మంచిగ లేదు" అన్నాను.
స్వరూప రొట్టె కాలుస్తూ తలెత్తింది. "మంచిగ లేదంటే ఏంది? ఊర్ల ఎవ్వలు సావలేదనే గదా!"
పెన్ను మూసేశాను.

ఏప్రిల్ 12
ఖాళీ. ఎవరింట్లో దగ్గు వినబడ్డా చెవి అటే పోతోంది. నా మీద నాకే అసహ్యం.

ఏప్రిల్ 17
వెనక వాడ మల్లయ్య పెద్దబాపును జనగామ దవాఖానలో చేర్చారట. బావిలో నాకు ఈత నేర్పింది ఆయనే. చూసి రావాలని లేచాను. లేచినవాణ్ణి — ఫ్రీజర్ కడిగి వాకిట్లో ఎండకు పెట్టాను! ఎందుకు? ఏమో. చేతులు వాటంతట అవే చేశాయి.
ఆయన కొడుకు రమేష్ అటుగా పోతూ బండి ఆపాడు. పెట్టె వైపు చూశాడు. "మా బాపు ఇంక బతికే ఉన్నడన్నా."
మెల్లగా అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 18
దవాఖానకు పోలేదు. ఏ ముఖం పెట్టుకుని...

ఏప్రిల్ 20
పొద్దున్నే వెనక వాడలో డప్పు. పెద్దబాపు పోయాడు. ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. జనగామ నుంచి ఎవరిదో ఫ్రీజర్ మా వాకిలి ముందు నుంచే పోయింది.
రేపు కిస్తీ. ముందు గుర్తొచ్చింది అదే. ఆ తర్వాతే పెద్దబాపు. ఏం మనిషినయ్యాను నేను?
"నడువు, సూసొద్దాం" అంది స్వరూప. చెప్పులు వేసుకున్నాను. పోతే బేరం కోసం వచ్చాడంటారు. పోకపోతే బేరం రాలేదని అలిగాడంటారు.
ఆమె గేటు దాటింది. "ఏంది, నిలవడ్డవ్?"