కార్డిఫ్ బడిగదిలో చెక్కముక్క

కార్డిఫ్,
సోమవారం పొద్దున.

చిరంజీవి అమర్‌నాథ్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, నాతో శిక్షణకు వచ్చిన పదకొండుమంది టీచర్లు కులాసా. పాకాలలో మీ నాయన కూడా బాగున్నారు, నిన్ననే ఫోనులో మాట్లాడాను. నాయుడుపేటలో నువ్వు, నందిని, పాప సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. తిండికి లోటు లేదు. పగలు బ్రెడ్డు, సాయంత్రం హాస్టలు వంటగదిలో అన్నం వండుకుని మనింటి చింతకాయ తొక్కు. నా ఇంగ్లీషు ఇక్కడ పనికొస్తోందా అన్నావు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, బస్సు డ్రైవరుతో మాట్లాడలేనా? ఆయన అన్నది నాకు మూడోసారికి తెలిసింది. నేను అన్నది ఆయనకు మొదటిసారే తెలిసింది. కాబట్టి లోపం నాది కాదని తేల్చుకున్నాను.

నిన్న సెలవు కాబట్టి ఊరు చూశాం. నడిబజారులోనే కోట. బట్టల కొట్టులోంచి బయటికొస్తే ఎదురుగా కోటగోడ. లోపల పచ్చటి దిబ్బ మీద రాతి బురుజు ఉంది. మోకాళ్ల నొప్పి ఉన్నా పైదాకా ఎక్కాను, మీ నాయనకు చెప్పకు. పక్కనున్న పార్కు గోడ మీద రాతి సింహాలు, ఎలుగుబంటి, కోతులు ఇప్పుడే రోడ్డు మీదికి దూకేటట్టు కూర్చున్నాయి. పాప కోసం ఫొటోలు తీశాను. వాన వస్తూ పోతూ ఉంటుంది, ఎవరూ పరుగెత్తరు.

బోర్డులన్నీ రెండు భాషల్లో ఉన్నాయి, ఒకటి వాళ్ల వెల్ష్, ఒకటి ఇంగ్లీషు. రోడ్డు మీద తెల్లరంగుతో 'అరవ్' అని రాసి ఉంటే, చిత్తూరు నుంచి వచ్చిన వకుళ టీచరు, "ఈడ గూడా అరవం ఉండాదే" అంది. నెమ్మదిగా పొమ్మని దాని అర్థమట. చాలాసేపు నవ్వుకున్నాం.

మధ్యాహ్నం ఊరి చివరి మ్యూజియానికి వెళ్లాం. ఎక్కడెక్కడి పాత ఇళ్లనో రాయి రాయి విప్పి తెచ్చి, అక్కడ మళ్లీ కట్టారు. వాటిలో ఒంటిగది బడి ఒకటి ఉంది. దాన్ని చూపించే పెద్దాయన తాడు కట్టిన చిన్న చెక్కముక్క మా చేతికిచ్చాడు, పాతదానికి నకలు. వెనకటి రోజుల్లో బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో దాన్ని వేసేవారట. వేసుకున్న పిల్ల మరొకరిని పట్టిస్తే అది వాళ్ల మెడకు మారుతుంది. సాయంత్రం గంట కొట్టేటప్పటికి ఎవరి మెడలో ఉంటే వాళ్లకు దెబ్బలు. తన నాయనమ్మ తల్లి కూడా దాన్ని మోసిందని చెప్పాడు. మావాళ్లందరూ అయ్యో అన్నారు. నేను ఆ చెక్కముక్కను ఆయన చేతిలో పెట్టేశాను. బయటికొచ్చి తడిసిన బెంచీ మీద కూర్చున్నాను.

అమరా, నీ మూడో తరగతిలో ఒకరోజు మన బడి ఆటస్థలంలో పడి, నెత్తురు కారుతున్న మోకాలితో స్టాఫ్‌రూముకు వచ్చావు. "అమ్మా, కాలు కొట్టుకున్యాను" అన్నావు. నలుగురు టీచర్లు చూస్తున్నారు. ముందు నీ మెడలో అట్ట వేశాను. ఆ తరువాతే దూది తీశాను. 'నేను తెలుగు మాట్లాడను' అని ఇంగ్లీషులో రాసిన అట్ట అది. బడినిండా పిల్లలు తెలుగే మాట్లాడుతున్నా నువ్వు ఒక్కరి పేరూ చెప్పలేదు. చివరి గంటదాకా నువ్వే మోశావు. ఇంటికొచ్చే దారిలో ఎందుకు వేశావని అడిగితే, హెడ్మాస్టరు పెట్టిన రూలు, నేనేం చేసేదిరా అన్నాను. తరువాత చాలా నెలలు ఇంట్లో కూడా నన్ను మేడమ్ అనే పిలిచావు.

నేను చెప్పింది అబద్ధం. హెడ్మాస్టరు వద్దనే అన్నారు. "చిన్నబిడ్డలమ్మా, నోట్లో ఏది ముందొస్తే అది మాట్లాడతారు" అన్నారు. పట్టుబట్టి ఆ రూలు పెట్టించింది నేను. అట్టలు కోసి, తాళ్లు కట్టి, అక్షరాలు రాసింది నేను. ఇంగ్లీషు వస్తే మీరంతా బాగుపడతారనుకున్నాను. బాగుపడ్డారు, కానీ అది అట్ట వల్ల కాదు. ఫోనులో చెబితే "సరేలేమ్మా" అని మాట మారుస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ఇప్పుడు హెడ్మిస్ట్రెస్ నేనే. ఆ రూలు ఇంకా ఉంది. అట్టలు పోయి ప్లాస్టిక్కువి వచ్చాయి. శిక్షణ ఇంకా మూడు వారాలుంది, అప్పటిదాకా ఆగబుద్ధి కాలేదు. పొద్దున లేస్తూనే బడి కరెస్పాండెంటు వెంకటరమణకు ఫోను చేసి, ఆ రూలు తీసేస్తున్నానని చెప్పాను. తల్లిదండ్రులు పిల్లల్ని మానిపిస్తారని ఆయన భయపడ్డాడు. అలాంటివాళ్లను నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడుకుంటాను అన్నాను. తరువాత అటెండరు ఎల్లప్పకు చెప్పాను. అరగంటలో అతనే తిరిగి చేశాడు.

"ఏడు ఉండాయి మేడమ్, అన్నీ తీసేసినా. అయిదో తరగతి పాప ఒకటి మెడలో ఏసుకోని ఉండింది. అదీ తీసేసినా."

పాప ఏమందని అడిగాను.

"ఏమంటాది మేడమ్, ఆడుకునేదానికి పరిగెత్తింది."

నన్ను క్షమించానని నువ్వు రాయనక్కర్లేదు. కోపం ఉంటే కోపమే రాయి. నీకు ఎలా వస్తే అలా రాయి, నేను దిద్దను.

ఇట్లు,
నీ అమ్మ,
కోమలి.