దుర్గికి వచ్చిన పోస్టు ఓటు

దుర్గి, 8-2-85

చిరంజీవి ధనుంజయరావుకు మామ వెంకట్రామయ్య దీవెనలు.

మార్చి అయిదున పోలింగు. నీ ఓటు ఇంకా మా ఊళ్ళోనే ఉంది. మా అమ్మాయి ప్రేమ పోయినకాడినుంచి నువ్వు మా గడప తొక్కలా. బిడ్డ పోతే అల్లుడు కూడా పోయినట్టేనా? ఓటుకన్నా రా.

మామ

తా.క. మీ అత్త గోంగూర పచ్చడి పెట్టింది. ఇది మా పార్టీ ప్రచారం కిందికి రాదు.

నరసరావుపేట, 12-2-85

మామయ్యకు నమస్కారాలు.

మా బడి నుంచి నన్ను ఎలక్షన్ డ్యూటీకి వేశారు. ఆ రోజు బొల్లాపల్లిలో ఉంటాను. ఓటు పోస్టులో వేస్తాను.

ధనుంజయరావు

దుర్గి, 15-2-85

అల్లుడికి,

పోస్టులో ఓటేందిరా? రేడియోలు బాగుచేసే షబ్బీర్‌ని అడిగా. మిలిటరీ వాళ్ళకీ, జైల్లో పెట్టినోళ్ళకీ ఇస్తారంట. నలభై దాటినోణ్ణి మిలిటరీ తీసుకోదు. మీ అత్త ఏడుపు అందుకుంది. మాచర్లలో వకీలును మాట్లాడా. ఏం చేశావో దాచకుండా రాయి.

మామ

తా.క. ఎవర్నన్నా కొట్టావా? నీలో అంత ఉందని ఎప్పుడూ అనుకోలా. లోపల కొంచెం సంతోషంగానే ఉంది.

నరసరావుపేట, 19-2-85

మామయ్యకు,

నేను జైల్లో లేను. డ్యూటీకి వెళ్ళే మేష్టర్లకూ పోస్టు ఓటు ఉంది. వకీలును వద్దనండి.

ధనుంజయరావు

తా.క. ఎవర్నీ కొట్టలేదు. క్షమించండి.

దుర్గి, 22-2-85

అల్లుడికి,

వకీలును ఆపా. ఇయ్యాల నీ పేరున సర్కారు సీలేసిన కవరు మా ఇంటికొచ్చింది. నిజం చెప్పు, సమన్లేనా? మీ అత్త బియ్యం డబ్బాలో దాచింది.

మామ

నరసరావుపేట, 25-2-85

మామయ్యకు,

అది నా ఓటు. చించకండి. రిజిస్టరు పోస్టులో పంపండి.

ధనుంజయరావు

దుర్గి, 27-2-85

అల్లుడికి,

పంపను. పోయినేడంతా నీకు ఉత్తరాలు రాశా. ఒక్క జవాబు రాలా. పోస్టులోనే పోయుంటాయని మీ అత్తకు చెప్పా. ఇప్పుడు అదే పోస్టులో నీ ఓటెట్లా పంపేది? వచ్చి పట్టుకుపో.

మామ

నరసరావుపేట, 6-3-85

మామయ్యకూ అత్తయ్యకూ నమస్కారాలు.

డ్యూటీ అయింది. ఓటు మీ దగ్గర నుంచి తెచ్చిన మర్నాడే పంపాను.

ఆదివారం మీ గడప దగ్గర కాళ్ళు ఆగాయి. అత్తయ్య ఎదురొచ్చింది. చెంబుతో నీళ్ళిచ్చింది. అన్నం దగ్గర ముగ్గురం ప్రేమ మాట చెప్పుకున్నాం. ఇంత తేలిక పడతానని అనుకోలేదు.

కవరు మీ ఇంటికెందుకొచ్చిందని ఆ రోజు మీరడిగారు. గుమాస్తా పొరపాటన్నాను. కాదు. ఓటు దరఖాస్తులో చిరునామా నరసరావుపేట అని రాసి, కొట్టేసి, దుర్గి అని రాసింది నేనే. ఊరికే రావడానికి ధైర్యం చాల్లేదు. మళ్ళీ పిరికితనంతోనే పోస్టులో పంపమన్నాను. మీరు పంపకపోవడం మంచిదయింది.

బడికి సెలవులివ్వగానే వస్తాను.

మీ అల్లుడు ధనుంజయరావు

తా.క. నా ఓటు మీ పార్టీకి వేయలేదు. అత్తయ్యకు సంతోషమైన సంగతులన్నీ చదివి వినిపించాక, ఇది మీరొక్కరే చదువుకోండి.