ఈ ఏటి తద్దినానికి ఎండ కూడదట

ఏమండీ,

ఈ రోజు మీ తద్దినం. మూడు రోజుల కింద నా కుడికంట్లో పుట్టిన పిచ్చి రక్తనాళాలను మాడ్చడానికి చేతి నరంలో మందెక్కించి, కంట్లోకి లేజరు వెలుతురు కొట్టినారు. ఆ మందు వల్ల ఐదు రోజులు ఎండ తగిలితే ఒళ్లు కాలుతుందట. ఎడమకన్ను ముందే చెడింది కదా. "పోయిన చూపు రాదవ్వా, ఉండేది నిలబడితే చాలు" అన్నాడు డాక్టరు. మీ తర్వాత నన్ను బుజ్జగించని మగవాడు అతనొక్కడే.

మధ్యాహ్నం మన పెద్దోడు మిద్దెపైన కాకికి పిండం పెట్టినాడు. మీరు వచ్చినారో లేదో నా కంటితో చూడకుండా ఎట్లుంటాను? మీ పొడుగుచేతుల చొక్కా తొడిగి, నల్లద్దాలు పెట్టుకొని, మెట్ల తలుపు నీడలో గొడుగు పట్టి నిలబడినాను.

"అమ్మా, నిన్ను చూస్తే వచ్చే కాకి కూడా రాదు" అన్నాడు.

వచ్చింది. నేరుగా చూస్తే నా చూపు నడుమ నల్లమచ్చ, కాకీ నలుపే. ఏది మచ్చో, ఏది మీరో తెలియలేదు. మొహం పక్కకు తిప్పితే కంటి అంచున రెక్కలు కదిలినాయి, ముక్కు పిండం మీద వాలింది. మీవైపు తిరగాలని ప్రాణం కొట్టుకున్నది. తిరిగితే కనపడకుండా పోతారని, మీరు తినేంతవరకూ గోడనే చూస్తా నిలబడినాను.