మూడోసారి తెరిచిన పుట

నా జీవిత సహచరికి,

నిన్ను సూటిగా అడుగుతున్నాను, తప్పించుకోకుండా చెప్పు: దేవుడు లెమ్మన్నప్పుడు లేవని కాళ్ళు ఉంటేనేం, ఊడితేనేం?

ఈ రాజధాని నన్ను నెలరోజులు నమిలింది. మొదట ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట చేరాను. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారి, పిల్లల వార్డు దుప్పట్లనూ ఆపరేషను గది దుప్పట్లనూ కలిపేశాను. నాలుగో రోజు పొమ్మన్నారు. తర్వాత శీతల గిడ్డంగిలో కూరగాయల పెట్టెలు మోశాను. తోటి కూలీలకు నరకాగ్ని గురించి హెచ్చరిస్తే, "అయ్యా, ఆ నిప్పేదో కాస్త ఇటు పంపించండి, వేళ్ళు కాచుకుంటాం" అన్నారు. వాళ్ళ నవ్వుకు నా ప్రసంగం గడ్డకట్టింది.

ఇప్పుడు ప్రభువు తలుపు తెరిచాడు! బీమా కంపెనీలో ఫోను మీద మాట్లాడే ఉద్యోగం. కుర్చీ, ఫ్యాను, పర్మనెంటు. మరి మన సంగతేమిటని కళ్ళు మూసుకుని పరిశుద్ధ గ్రంథం తెరిచి వేలు పెట్టాను. ఉన్న చోటు విడిచి, తాను చూపించబోయే చోటికి బయల్దేరమని దేవుడు ఒక పెద్దాయనకు చెప్పిన మాట మీద పడింది. ఇంకేం సాక్ష్యం కావాలి? చొక్కాల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు కుట్లు తనిఖీ చేసింది చాలు. రాజీనామా ఇచ్చి వచ్చేయి. వెనక్కి తిరిగి చూడకు, అలా చూసి ఉప్పుస్తంభమైపోయినావిడ కథ నీకు తెలుసు.

నీ భర్త

*

నా బంగారానికి,

నీ జవాబు అందింది. "ఏమండీ, దేవుడు మీకు చెప్పాడు సరే, నాకెందుకు చెప్పలేదు? నా చిరునామా లేదా ఆయన దగ్గర? అయినా మీరన్నారు కాబట్టి శుక్రవారం పొద్దున్నే రాజీనామా కాగితం ఇచ్చేస్తా" అని రాశావు. ఆ చివరి మాట చదవగానే ఫోను అందుకున్నాను.

నీకు మూడుసార్లు ఫోను చేశాను. నువ్వు "ఊఁ, చెప్పండి" అనగానే నా నోట ప్రసంగం మొదలవుతోంది, నిజం వెనకబడిపోతోంది. అందుకే రాస్తున్నాను. కాగితం మీద గొంతు పెంచలేను కదా.

నీకు ఆ ఉత్తరం రాసిన రోజు మధ్యాహ్నమే ఆ కుర్చీ పోయింది. పర్మనెంటు అన్నది నా కల్పన, వాళ్ళిచ్చింది పని చూపించుకోవడానికి వారం రోజుల గడువు. ఒక ముసలాయనకు ఫోను చేసి, "అయ్యా, మీ ప్రాణం ఈ గంటే అడిగితే ఏం చెప్తారు?" అన్నాను. ఆయన పాలసీ తీసుకోలేదు, భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను. మా టీమ్ లీడరు, మన మేనకోడలి వయసు పిల్ల, నా చెవులకున్న హెడ్‌ఫోను తీసేసి, "గురువుగారూ, మనం అమ్మేది పాలసీ, తీర్పు దినం కాదు. ఇంటికెళ్ళండి" అంది.

ఇంకా పెద్ద తప్పుంది. గ్రంథం నేను ఒక్కసారి తెరవలేదు. మొదటిసారి వేలు పడిన చోట, నోరు మూసుకుని, ఓపికతో కనిపెట్టుకుని ఉండమని ఉంది. నచ్చలేదు. రెండోసారి ఎవరికెవరు పుట్టారో వరుసగా పేర్లు. మూడోసారి నాకు కావలసింది దొరికింది, అదే నీకు పంపాను. వాక్యమంటే చీటీల ఆట కాదని ఎన్ని వీధుల్లో అరిచాను! చివరికి నా కోరికకు దేవుడి గొంతు తగిలించాను.

ఆ కోరిక ఏమిటో నీకు చెప్పి తీరాలి. మీ తమ్ముడు ఓసారి, "బావ ప్రసంగాలకి పెట్రోలు అక్క జీతమే" అన్నాడు. అందరూ నవ్వారు, నువ్వు నవ్వలేదు. కానీ ఆ మాట నాలో ముల్లై కూర్చుంది. నీ జీతం ఆగిపోతే, నువ్వు నా మీదే ఆధారపడితే, నేను ఇంటి పెద్దనవుతానని ఆశపడ్డాను. నిన్ను పిలిచింది దేవుడు కాదే, నా అవమానం.

నిన్న ఉద్యోగాలు చూపించే ఆఫీసుకు వెళ్ళాను. బల్ల దగ్గరి గుమస్తా ఆవిడ, "మీ రంగం ఏంటండీ? ఒక్కదానికే టిక్కు పెట్టాలి" అంది. దేవుడి ద్రాక్షతోటలో పనివాణ్ణన్నాను. "వ్యవసాయం అని రాయనా?" అంది తలెత్తకుండానే. ఇరవయ్యేళ్ళుగా ప్రతి ప్రశ్నకూ అధ్యాయం, వచనం చెప్పినవాణ్ణి, "తెలియదమ్మా" అన్నాను. ఆమె జాలిపడి బస్సులు కడిగే డిపోకు చీటీ రాసిచ్చింది. మూడు నెలల పని. ఇది పిలుపో శిక్షో, ఇక్కడుండాలో తిరిగి రావాలో నాకు బోధపడటం లేదు. గ్రంథం సంచిలోనే ఉంది. తెరవడానికి చెయ్యి రావడం లేదు.

ఇంత అయోమయంలోనూ ఒక్కటి మాత్రం స్పష్టం. ఆ ఉద్యోగం నీది, నీ కళ్ళతో నువ్వు సంపాదించుకున్నది. ఇక్కడికి సరుకు తెచ్చిన మన వీధి లారీ డ్రైవరు ఈ ఉత్తరాన్ని శుక్రవారం తెల్లవారేసరికి నీ చేతిలో పెడతానన్నాడు. నన్ను తర్వాత తిట్టుకో, ముందు చెప్పులేసుకో. ఆ కాగితం ఇవ్వకు. తొందరపడి నిన్ననే ఇచ్చేసి ఉంటే, షిఫ్టు మొదలయ్యేలోగా మేనేజరు గదికి వెళ్ళి, "మా ఆయన అబద్ధం చెప్పాడు" అని గట్టిగా చెప్పి వెనక్కి తీసుకో. వెంటనే చించెయ్. రేపు కాదు, ఇవాళే వెళ్ళు!

తప్పు చేసిన
నీ భర్త